సప్పుడు లేని పెట్టె

"సప్పుడు వస్తుందన్నా. మొన్న ఎట్ల వచ్చిందో గట్లనే వస్తుంది" అంది నవనీత.

కుమారస్వామి చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. అప్పుడే బిగించిన కొత్త ఫ్యాన్ కంప్యూటర్ లోపల తిరుగుతోంది. తాండూరులోని తన దుకాణం నుంచి ఈ వికారాబాద్ ఇంటికి అతను రావడం ఇది మూడోసారి. టీవీకి తగిలించి సినిమాలు చూసుకోవడానికి కంప్యూటర్ కావాలనీ, అది హాల్లో ఉన్నట్టు కూడా తెలియకూడదనీ నవనీత అడిగింది. "సప్పుడొస్తే దుకాణం మూస్త" అని పదిమందిలో మాట ఇచ్చింది అతనే.

వంగి పెట్టెకు చెవి ఆనించాడు. ఏమీ వినపడలేదు.

"ఏ తీరు సప్పుడు చెల్లె?"

"కీఁ అని, సన్నగ. సినిమాల మాటలు ఆగినప్పుడల్లా గదే ఇనవడ్తది."

"ఫ్యాన్ గట్ల కూయదే!" అన్నాడు కుమారస్వామి. పక్కన పరిచిన పేపరు మీద అతను ఎంచి తెచ్చిన సామాన్లున్నాయి. కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ డబ్బాలు రెండు, ఇంకో రెండు ఫ్యాన్లు, తిరిగే హార్డ్ డిస్క్‌కు బదులు పెట్టే ఎస్‌ఎస్‌డీ. కంపెనీ పేరు చూసి కొనడం అతనికి అలవాటు లేదు. హైదరాబాద్‌లో కొన్నా సరే, కరెంటు ఇప్పించి, చెవి దగ్గర పెట్టుకుని, సప్పుడు లేదనుకుంటేనే సంచిలో వేసుకుంటాడు.

డిస్క్ మార్చాడు. వస్తుందంది నవనీత. ఎస్‌ఎంపీఎస్ మార్చాడు. వస్తుందంది. రెండో ఎస్‌ఎంపీఎస్ పెట్టాడు.

"ఇది ఇంక జర ఎక్కువుంది" అంది నవనీత అత్త మార్త. ఆమె సోఫా పక్కన కూర్చుని పుంటికూర తెంపుతోంది.

"అమ్మా, నీకు సుత ఇనవడ్తుందా?"

"ఇనవడ్తుంది గని, గట్ల ఒర్లుతవేంది కొడుకా? పక్కనే ఉన్న గదా."

అప్పుడే నవనీత భర్త డేవిడ్ బయటి నుంచి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "ఇంక కీఁ అంటనే ఉంది గదనే" అన్నాడు.

కుమారస్వామి డేవిడ్ వైపు తిరిగి చూశాడు. ఇతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. పోనీ, ఫోన్‌లో ముందే చెప్పి ఉండొచ్చు. కంప్యూటర్ వద్దనుకుంటే వద్దని చెప్పొచ్చు కదా, ముగ్గురూ కలిసి ఈ ఆటేంటి?

"మీరు ముగ్గురు గోడ దిక్కు తిరుగుండ్రి" అన్నాడు.

"ఏందన్నా, బడి పిల్లలమా?" అని నవ్వుతూనే తిరిగింది నవనీత. డేవిడ్ కూడా తిరిగాడు. మార్త కూర పళ్లెంతో సహా తిరిగింది.

పెట్టె మీది లైటుకు టేపు అంటించి, కుమారస్వామి మీట నొక్కాడు.

"వచ్చింది" అన్నారు ముగ్గురూ.

ఆపాడు.

"బందయింది."

ఆపినదాన్ని ముట్టుకోకుండా కాసేపు ఊరుకున్నాడు. ఎవరూ మాట్లాడలేదు. మళ్లీ నొక్కాడు.

"వచ్చింది."

ఎన్నిసార్లు చేసినా ఒక్కసారి కూడా తప్పలేదు. కుమారస్వామి టీవీ అద్దంలో తన నీడ పడుతోందేమోనని చూశాడు. టీవీ మీద దుప్పటి కప్పి మళ్లీ చేశాడు. అప్పుడూ తప్పలేదు.

"తమ్మీ, తాండూరుల ఇన్ని కంప్యూటర్లు పెట్టిన. ఒక్కడు సుత సప్పుడని అనలే."

"బండలు కోసే మిషన్ పక్కన పెట్టినవు దుకాణం. ఆడ ఏం ఇనవడ్తది?" అన్నాడు డేవిడ్.

"గందుకే గదా ఈడికొచ్చిన! పద్దెనిమిదేండ్లాయె గా మిషన్ పక్కన కూసోవట్టి. సప్పుడంటే ఏందో నాకు నువ్వు చెప్తవా?"

"కోపమెందుకన్నా, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నం" అంది నవనీత. "నీతోని కాకుంటే చెప్పు. పెట్టె తీస్కపో. హైదరాబాద్‌ల చూసుకుంటం."

ఆ మాట కుమారస్వామికి తగిలింది. పెట్టె వాపసు తీసుకుపోతే రేపటికల్లా తాండూరంతా తెలుస్తుంది. అతను లేచి సీలింగ్ ఫ్యాన్ ఆపాడు. ఫ్రిజ్ వైరు పీకాడు. కిటికీలు మూశాడు. వంటింటి తలుపు దగ్గరికి వేశాడు. గోడ గడియారం దించి, దాని సెల్లు తీసి జేబులో వేసుకున్నాడు.

"పిచ్చి లేసిందా ఏంది ఈనకు?" అంది మార్త.

"జర ఆగమ్మా. ఎవ్వలు మాట్లాడకుండ్రి."

కంప్యూటర్ ఆన్ చేసి నేల మీద బోర్లా పడుకున్నాడు. పెట్టెకు ముందు ఎడమ చెవి ఆనించాడు, తర్వాత కుడి చెవి. ఊపిరి బిగబట్టి చాలాసేపు విన్నాడు. ఇంట్లో ఎవరూ కదలలేదు.

తర్వాత మెల్లగా లేచి కూర్చున్నాడు. అతని ముఖం తేటపడింది.

"ఇగ నా మాట ఇనుండ్రి. ఏసు మీద ఒట్టేసి మీరు చెప్పుండ్రి, మల్లన్న మీద ఒట్టేసి నేను చెప్త. గీ పెట్టెల కాదు, గిప్పుడు ఈ ఇల్లు మొత్తంల సప్పుడనేదే లేదు. సూది కింద పడ్డా ఇనవడ్తది నాకు."

డేవిడ్ నవనీత ముఖం చూశాడు. నవనీత అత్త ముఖం చూసింది. మార్త కూర పళ్లెం పక్కన పెట్టి లేచింది.

"అది తర్వాత చూద్దం గని, కుక్కర్ ఎన్ని కూతలాయె నవనీతా?"

"నాలుగు అత్తమ్మా."

"ఐదు" అన్నాడు డేవిడ్. "అన్న ఒట్టేస్తున్నప్పుడు ఇంకోటి వచ్చింది."

కుమారస్వామి ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు.

"పొయ్యి మీద కుక్కర్ ఉన్నదా?"