బెరడుపేను రంగు

నాగరికత నిలిచేదీ కూలేదీ ఆవగింజలో సగమైనా లేని బెరడుపేను రంగును బట్టేనని ఆ రోజుల్లో ప్రభుత్వం గంభీరంగా ప్రకటించింది. పేను బూడిదరంగుదైతే క్షేమం. చామంతిపూవులా పచ్చటిదైతే చెట్టును అప్పటికప్పుడు నరికి, ఇంటిల్లిపాదినీ నలభై రోజులు శిబిరానికి తరలించేవారు.

అనకాపల్లిలో వరహాలమ్మ పెరటి వేపచెట్టుకు తనిఖీదారు పైడిరాజు పేను రంగు చెప్పే గుర్తింపు అద్దాన్ని ఆనించాడు. అద్దం ఎర్రగా వెలిగింది. వీధి చివరనున్న రంపం బండి తనంతట తానే కదిలింది.

"పచ్చపేనేనమ్మా. పిల్లల బట్టలు సర్దుకోండి."

కోడలు సన్యాసమ్మ బెరడు మీది పేనుకేసి వేలు చూపింది. "నీ కళ్లతో ఓపాలి సూడు బాబూ!"

"నా కళ్లతో ఏటి పని? అద్దం సూస్తాది, నేను మోస్తాను."

బండి గేటు దాటింది. వరహాలమ్మ గొల్లుమంది. "తనిఖీ గండం గడవాలని పొద్దున్నే మాను నిండా రాసి మొక్కినానే!"

"ఏటి రాసినావత్తా?"

జవాబుకు ఆగకుండా సన్యాసమ్మ తడివేలితో పేనును మెల్లగా తుడిచింది. అదే పేను బూడిదరంగు తేలి తీరిగ్గా నడిచిపోయింది. అద్దంలో ఎరుపు ఆరింది; బెరడుకు జానెడు దూరంలో రంపం ఆగింది.

ఆమె వేలికి అంటింది వంటింటి పసుపు.