పంక్తిలో సభ

"కామెంటరీ వస్తుంటే హరికథ ఏంటమ్మా?"

"హరికథ వింటుంటే కామెంటరీ ఏంట్రా?"

గురునాథం ట్రాన్సిస్టర్ ముల్లు అటు తిప్పాడు. తల్లి శ్యామలాంబ ఇటు తిప్పింది. అతను మళ్ళీ అటు తిప్పాడు.

"నా మాటంటే ఈ ఇంట్లో లెక్కేముంది," అందావిడ.

గదిలో చేతికర్ర నేలకేసి కొట్టిన చప్పుడైంది. ఇద్దరూ ఆగిపోయారు.

"అధ్యక్షుల వారు పిలుస్తున్నారు," అంది కోడలు ప్రసూన, వంటింట్లోంచి నవ్వు ఆపుకుంటూ.

మంచం మీద అనంతపద్మనాభం గారు దిండుకు ఆనుకుని కూర్చున్నారు. ఎనభై నాలుగులో రిటైరయ్యేదాకా చీరాలలో రాజనీతిశాస్త్రం పాఠాలు చెప్పారు. ఏటా విద్యార్థుల చేత సప్తద్వీప సమాఖ్య అని ఉత్తుత్తి దేశాల కూటమి ఒకటి నడిపించేవారు. దాని రాజ్యాంగం కూడా ఆయన రాసిందే. నిరుడు పక్షవాతం వచ్చి కాస్త తేరుకున్నాక, ఆ సమాఖ్య నిజమనీ, తను దానికి అధ్యక్షుడననీ, ఇంట్లో మిగతా ముగ్గురూ సభ్య దేశాలనీ ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది. ఎదురు చెప్పొద్దన్నాడు డాక్టరు. ఎవరూ చెప్పలేదు. గురునాథం అయితే ఆయన బాగున్న రోజుల్లోనే తండ్రి మాట దాటి ఎరగడు.

"ఆర్డినెన్సు," అన్నారాయన మెల్లగా. "సగం సేపు హరికథ. సగం సేపు కామెంటరీ."

"సరే నాన్నా."

"ఇంకొకటి. ప్రసూన దేశం సోమవారం నుంచి గుంటూరులో బి.ఇడి. చదువుతుంది. మిగతా దేశాలు అడ్డు చెప్పరాదు."

గురునాథం మొహం మాడిపోయింది. ఎవరో మానేస్తే ఆలస్యంగా వచ్చిన సీటు అది. సోమవారం చేరకపోతే పోతుంది. రోజూ తెనాలిలో రైలు మారి వెళ్ళి రావడం కుదరదని అతను ముందే తేల్చేశాడు.

"చూశావుట్రా నీ పెళ్ళాం నిర్వాకం?" వసారాలోకి రాగానే అందుకుంది శ్యామలాంబ. "ఆయన నోట్లో మాటలు కుక్కుతోంది. ఆవిడగారు రైలెక్కితే ఆయనకు జావ ఎవరు కాస్తారు, నేనా?"

గురునాథం అనుమానమూ అదే. ప్రసూన ఆయన దగ్గర చదువుకున్న పిల్ల. ఆ రాజ్యాంగం ఆమెకు కంఠతా వచ్చు.

మర్నాడు ఆఫీసు నుంచి చెప్పకుండా మధ్యాహ్నమే వచ్చేశాడు. చెప్పులు వీధిలోనే విడిచి పిల్లిలా లోపలికి నడిచాడు. ప్రసూన పెరట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. గదిలో తల్లి, తండ్రికి జావ తాగిస్తూ ఏదో చెబుతోంది. కొడుకును చూడగానే గొంతు పెంచింది.

"చదువుట, చదువు. ఇల్లెవరు చూస్తారంట?"

మాటలు కుక్కుతూ ప్రసూన దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది. సాయంత్రం నిలదీశాడు.

"నువ్వు చెప్పించిందేగా ఇదంతా?"

"కాదు."

"ఒట్టు?"

"ఒట్టెందుకండీ. మీకిష్టం లేకపోతే కొట్టేసే దారి ఆ రాజ్యాంగంలోనే ఉంది. సభ లేనప్పుడే అధ్యక్షుడు ఒక్కడే చట్టం చెయ్యాలి. సభ కూర్చున్న రోజున దాన్ని అక్కడ పెట్టాలి. ఎక్కువమంది కాదంటే పోతుంది."

"మరి సభ ఎప్పుడు?"

"దేశాలన్నీ ఒకే వరసన కూర్చున్నప్పుడు. మనింట్లో ఏనాడు కూర్చున్నాం? మీరు తిని లేచాక అత్తయ్యా నేనూ తింటాం. అందుకే మామయ్యగారి చట్టం ఒక్కటీ రద్దు కాలేదు."

గురునాథం ఆమెను ఎగాదిగా చూశాడు. అడక్కుండానే ఈ దారి ఎందుకు చూపిస్తోంది? మెలిక ఏమిటి? ఓట్లు లెక్క వేసుకున్నాడు. అధ్యక్షుడికి ఓటు లేదు. తనూ అమ్మా ఒకవైపు. ప్రసూన ఒక్కతే ఒకవైపు. మెలిక ఎక్కడా కనపడలేదు.

ఆదివారం మధ్యాహ్నం తనే నాలుగు పీటలు వాల్చాడు.

"మొగాళ్ళ పంక్తిలో నేనుట్రా? మీ నాయనమ్మ ఉంటే చీపురు తిరగేసేది."

"ఒక్క పూటేనమ్మా. నీ కోడలు రైలెక్కాలా, ఇంటిపట్టున ఉండాలా?"

"సరే, నీ ఇష్టం," అంటూ ఆవిడ విస్తళ్ళు తెచ్చి వేసింది.

తండ్రిని చెయ్యి పట్టి నడిపించుకొచ్చి కూర్చోబెట్టాడు. ప్రసూన వడ్డించి చివరి పీట మీద కూర్చుంది. వరసన అందర్నీ చూసుకుని అనంతపద్మనాభం గారి కళ్ళు మెరిశాయి.

"సభ ప్రారంభం. ప్రసూన దేశం చదువు గురించి చేసిన చట్టం మీ ముందుంది. కాదనేవారు?"

గురునాథం చెయ్యెత్తాడు. ప్రసూన అన్నం కలపకుండా విస్తట్లోకే చూస్తోంది. శ్యామలాంబ పప్పులో నెయ్యి కలుపుకుంటోంది.

"అమ్మా, చెయ్యెత్తు."

"ఎంగిలి చెయ్యిరా."

"ఎడమది ఎత్తు."

ఆవిడ ఎత్తలేదు. అధ్యక్షుడు లేచిన చేతులు లెక్కపెట్టారు. ఒక్కటే.

"చట్టం నిలిచింది. రేపు ప్రసూన గుంటూరు వెళ్తుంది. ఇక భోజనాలు కానివ్వండి."

గురునాథం చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. "ఇన్నాళ్ళూ తిట్టిపోశావు కదే అమ్మా?"

శ్యామలాంబ ముద్ద మింగి, తీరిగ్గా కొడుకు వైపు తిరిగింది.

"నేను చెప్పి చేయించిన చట్టాన్ని నేనే ఎట్లా కాదంటానురా?"