గాలిలో వేళ్లు

"ఎలాగైనా దీన్ని బతికించండి బాబూ!"

రాజకుమారి కలిదిండి నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చిన ఆర్కిడ్ మొక్కని తాడేపల్లిగూడెం నర్సరీలో బల్ల మీద పెట్టింది.

నర్సరీ యజమాని దాని వేళ్లకున్న నల్లమట్టి కడిగాడు. సగం వేళ్లు కుళ్లి చేతిలోకి ఊడొచ్చాయి.

"మట్టిలో పాతేశారా? ఇది వాండా అమ్మా. నేలలో పెరిగే ఆర్కిడ్లు వేరే ఉన్నాయి. ఇది చెట్టుని కరుచుకుని, వేళ్లు గాలికి వదిలేసి బతికే రకం. మట్టి కప్పితే ఊపిరాడదు."

ఆవిడ తలొంచుకుని, ఊడిన వేళ్లని ఏరసాగింది.

"మా హెప్సిబా బొగ్గుముక్కల్లోనే పెంచిందండీ. మట్టి లేకుండా ఎన్నాళ్లు బతుకుతుందిలే అని, చెరువు మట్టి తెచ్చి నేనే పాతాను."

"మీ అమ్మాయి తిడుతుందని భయమా?" నవ్వుతూ ఆయన కుళ్లిన వేళ్లు కత్తిరించాడు. "ఇంకా మూడు వేళ్లు పచ్చగానే ఉన్నాయి. కొబ్బరి పీచు పెట్టి చెట్టుకి కట్టండి, బతుకుతుంది."

"అక్కడ చెట్టు లేదండీ."

"పోనీ, ఏదైనా చెక్క?"

రాజకుమారి గబుక్కున తలెత్తింది.

"మా పిల్లకి సమాధి ఇంకా కట్టించలేదండీ. చెక్క శిలువే పాతాం. దానికి కట్టొచ్చాండీ?"