త్రాసు

తూసాన్ కాలితో ఒక్క తన్ను తన్నాడు. ఒనోరే ముందున్న సూపు గిన్నె దొర్లుకుంటూ వెళ్లి మరుగుదొడ్డి గోడకు తగిలింది.

"ఇక నీ తిండి అక్కడే, ఒరే త్రాసుగా."

మార్సెయ్ జైల్లో, తోటి ఖైదీల గుట్టు అధికారులకు మోసేవాణ్ని త్రాసు అంటారు. ఆ పేరు పడ్డవాడితో ఎవరూ మాట్లాడరు. ఒక్కోసారి వాడు బతకడు కూడా. అరవై దాటిన ఒనోరేకు ఇంకా తొమ్మిదేళ్ల శిక్ష మిగిలి ఉంది.

పాపం, తన నోరే కొంప ముంచింది. ఇదే గదిలో ఉండి వెళ్లిన లెస్కూర్, బయట ఈ గది మీద నవల రాసి ఒక ప్రతి అతనికి పంపాడు. ఒనోరేకు చదువు రాదు. గదిలో మూడోవాడైన ఇవోన్ నాలుగు రోజులుగా పైకి చదువుతున్నాడు. కథలో రెండు వేళ్లు లేని, చెప్పులు కుట్టేవాడు వచ్చినప్పుడల్లా, "అది నేనేరా" అంటూ ఒనోరే తన మొండి చెయ్యి ఎత్తి చూపి మురిసిపోయాడు. తీరా ఆఖరి అధ్యాయంలో ఆ చెప్పులు కుట్టేవాడే, తోటివాడి బూటులో దాచిన రంపపు ముక్క సంగతి జైలరు చెవిన వేశాడు.

రెండేళ్ల కిందట రంపపు ముక్కతో దొరికి, చీకటి కొట్లో చచ్చిపోయినవాడు తూసాన్ తమ్ముడు.

"అది కథరా, తూసాన్."

"అంతా జరిగిందే, ఒక్క ముక్క అబద్ధం లేదన్నావుగా నిన్న?"

"నేను చెప్పలేదు."

"మరి చెప్పిందెవడు? పేరు చెప్పు, వదిలేస్తా."

ఒనోరే నోరు తెరిచాడు. ఆ రంపపు ముక్క దొరికిన రోజు లెస్కూర్ జైలరు గదిలోంచి రావడం తను కళ్లారా చూశాడు. వారం తిరక్కుండానే వాడు విడుదలయ్యాడు. కానీ సాటి ఖైదీ పేరు బయటపెడితే తనూ త్రాసే. ముప్పై ఏళ్ల జైలు బతుకులో ఒక్కసారీ చెయ్యని పని. లేచి వెళ్లి, మరుగుదొడ్డి పక్కన గిన్నె దగ్గర కూలబడ్డాడు.

"ఇవోన్, మొదటి పేజీలో లెస్కూర్ చేత్తో రాసింది మళ్లీ చదువు."

మొదటి రోజు ఒనోరే ఆ మాటకే కళ్లు తుడుచుకున్నాడు.

ఇవోన్ చదివాడు.

"ఒనోరే, నీ మీద భరోసాతోనే ఈ పుస్తకం రాశాను."