గండికి అడ్డం

“లే దుర్గా, నీళ్ళు పోవాలి!”

“లేవనన్నయ్యా. కావాలంటే నా మీంచి పోనీ.”

మొక్కజొన్న చేను గట్టుకి కొట్టిన గండిలో లక్ష్మీదుర్గ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చుట్టూ తడిమట్టి ఎత్తి పోసుకుంది. బోదెలో నీళ్ళు ఆమె వీపుకి కొట్టుకుని వెనక్కి తిరుగుతున్నాయి. గట్టు మీద పార పట్టుకుని ఆమె అన్న త్రిమూర్తులు రుసరుసలాడుతున్నాడు.

రామచంద్రపురం దగ్గరి ఆ పిల్లకాలువ మీద ఉదయ్‌కుమార్ నీళ్ళ పంపకం చూసే లస్కరుగా చేరి వారమే అయింది. వంతులవారీగా నీళ్ళిస్తున్న రోజులు. మధ్యాహ్నానికి తూము తలుపు దించెయ్యాలి. కేకలు విని బండి ఆపి వచ్చాడు.

“ఏంటండీ గొడవ?”

“చూడండి బాబూ,” అన్నాడు త్రిమూర్తులు. “కింద వరి పొట్ట మీదుంది. నేల నెర్రెలిచ్చింది. నీళ్ళు ఈ మొక్కజొన్న మీంచే దిగాలి, వేరే దారి లేదు. ఈ వంతు తప్పితే గింజ పట్టదు. ఈవిడగారేమో లేవదు!”

“నిన్ననే దీనికి యూరియా పడింది లస్కరు గారూ. పూతకొచ్చే టైము. తడి చాలు దీనికి. ఇప్పుడు ముంచారంటే వేళ్ళకి ఊపిరాడదు, యూరియా అంతా కొట్టుకుపోద్ది.”

“పోతే ఎక్కడికి పోద్ది? కింద వరికేగా! కాశీకి పోద్దా?”

ఉదయ్‌కి నవ్వొచ్చింది. దుర్గ నవ్వలేదు.

“యూరియా మళ్ళీ చల్లుకోవచ్చే,” త్రిమూర్తులు గొంతు తగ్గించాడు.

“కుళ్ళిన వేరుని మళ్ళీ అతికిస్తావా?”

“ఆ వరి ఎంత కష్టపడితే లేచిందో తెలీదా నీకు?”

“నాకు తెలీకపోవడమేంటి? ఎండితే ఎండనీ.”

ఉదయ్‌కి ఒళ్ళు మండింది. “అంత మాటేంటండీ? కళ్ళ ముందు పైరు ఎండిపోతుంటే ఏమీ అనిపించదా?”

“అనిపిస్తది. అయినా లేవను. వరి చేల మధ్య స్వీట్ కార్న్ ఏంటని ఊరంతా నవ్వింది బాబూ. నవ్విన ప్రతి నోటికీ పొత్తులు ఉడకబెట్టి పెట్టాలి. అందాకా దీని జోలికి ఎవరొచ్చినా ఊరుకోను.”

“ఇరిగేషన్ ఏఈ గారికి ఫోన్ చెయ్యాల్సొస్తుంది.”

“చెయ్యండి. నలుగుర్ని వెంటబెట్టుకు రమ్మనండి, నేను బరువు మనిషిని.”

త్రిమూర్తులు చెల్లెలి రెక్క పట్టుకుని లాగాడు. ఆమె మడమలు బురదలో తన్నిపెట్టింది. అంగుళం కదిలితే ఒట్టు. ఆఖరికి అతనే పార విసిరేసి గట్టు మీద కూలబడ్డాడు. కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మధ్యాహ్నమైంది. ఉదయ్ వెళ్ళి తూము దించాడు. బోదెలో నీళ్ళు తగ్గేదాకా దుర్గ లేవలేదు. లేచాక చీర పిండుకుంటూ ఇంటిదారి పట్టింది.

ఉదయ్ వచ్చి త్రిమూర్తులు పక్కన కూర్చున్నాడు.

“ఊరుకోండి. తోడబుట్టింది కదాని ఇంత స్వార్థం భరించక్కర్లేదు. వచ్చే వంతుకి మీ వరికి నేనే దగ్గరుండి పెట్టిస్తాను.”

త్రిమూర్తులు తలెత్తాడు.

“మొక్కజొన్న నాది బాబూ, వరి దానిది.”