కారం చేతులు

“మిరపకాయలు ముట్టిన చేత్తో తువ్వాలు మడిచిస్తావా? నీకసలు బుద్ధుందా?” అని పందెం పెద్ద యలమందయ్య నలుగురిలో కేకలేశాడు.

స్తుతి తలెత్తలేదు. ఆమె మొగుడు ప్రేమదాసు సైకిల్ పడేసి, కళ్లు మూసుకుని రోడ్డు పక్కన కూలబడి ఉన్నాడు. పక్కింటి అమీర్‌బీ బిందెతో నీళ్లు పోస్తుంటే మొహం కడుక్కుంటున్నాడు. అద్దంకి నుంచి ఊరిదాకా ఏటా జరిగే సైకిల్ పందెంలో ఇన్నేళ్లుగా అతన్ని కొట్టినవాడు లేడు. ఈ ఏడు గీత దాకా కూడా రాలేకపోయాడు. ఆఖరి మలుపులో మెడలో తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. అంతే, కెవ్వున అరిచి హ్యాండిల్ వదిలేశాడు.

ఆ తువ్వాలు మడిచి మెడలో వేసింది స్తుతే. పొద్దున కల్లంలో మిరపకాయలకు తొడిమలు తీసి, అటునుంచి అటే ఇంటికి పరుగెత్తుకొచ్చింది. చేతులు కడుక్కున్నట్టే గుర్తు. కానీ కారం అంత తేలిగ్గా వదులుతుందా? పసిపిల్లల్ని ఎత్తుకునే ముందు మోచేతుల దాకా సబ్బు రుద్దుకోవడం ఈ ఊరి ఆడవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని కాదు. అలాంటిది ఇవాళే ఎలా మరిచిపోయిందో ఆమెకే అంతుపట్టడం లేదు.

“అప్పటికే ఆ కుర్రోడు కోటేష్ దాటేశాడు కదండీ,” అని గుంపులో ఎవరో గొణిగారు.

“దాటితే ఏంటంట? మావోడు మళ్లీ దాటేవాడే. ఆఖర్లో వీడి తొక్కుడు నీకేం తెలుసు? నోరు మూసుకో,” అని యలమందయ్య కసిరాడు.

స్తుతికి మాత్రం తెలుసు. ఈ మధ్య ప్రేమదాసు సైకిల్ దిగి ఇంట్లోకి రావడానికి మోకాళ్లు పట్టుకుంటున్నాడు. “ఈ కుర్రోళ్లు ఆకలి మీదున్నారే. నేను తిని లేచినోణ్ణి,” అన్నాడొకసారి. అయినా గెలుస్తాడనే అనుకుంది. తన చేతులే అడ్డం పడతాయని అనుకోలేదు.

“నా వల్లేనా అయ్యా?” అంది దగ్గరగా కూర్చుని.

అతను కళ్లు తెరవలేదు. “పోనీలే. కావాలని చేశావా ఏంటి.”

ఆ మాటకు ఆమె గుండె చెరువైంది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇంతలో మంగళగిరి కోటేష్ గుంపును తోసుకుని వచ్చాడు. ఇంకా ఇరవై నిండనివాడు. ఒళ్లంతా చెమట, చేతిలో కప్పు.

“అన్నా, ఇది నాకొద్దు. కళ్లు మండి పడిపోయినోడి మీద గెలిచానంటే మా ఊళ్లో నవ్వుతారు. సాయంత్రం ఎండ తగ్గాక మనిద్దరమే తొక్కుదాం. అప్పుడు తీసుకుంటా.”

జనం ఈలలు వేశారు. ప్రేమదాసు మాత్రం, “వద్దులే తమ్ముడూ. అయిపోయింది కదా, నువ్వే ఉంచుకో,” అన్నాడు.

“ఎందుకొద్దురా?” అన్నాడు యలమందయ్య. “నిన్ను ఓడించేవాడు ఇంకా పుట్టలేదని తెలియొద్దా వీళ్లకి?”

ప్రేమదాసు ఎర్రబడ్డ కళ్లతో చుట్టూ చూశాడు. అందరూ తనవైపే ఆశగా చూస్తున్నారు. చివరికి తలూపాడు.

స్తుతికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంటికి వెళ్లి చేతులు మజ్జిగతో కడిగింది, కొబ్బరినూనె రాసింది, సబ్బుతో తోలు ఊడేలా రుద్దింది. అయినా తన చేతుల మీద తనకే నమ్మకం లేదు. మధ్యాహ్నం అతనికి కంచం కూడా అందించలేదు. అమీర్‌బీయే కొట్టుకు వెళ్లి కొత్త తువ్వాలు కొనుక్కొచ్చింది.

“నువ్వు ముట్టుకోమాక తల్లీ, నేనిస్తా,” అంటూ కవర్‌తో సహా ప్రేమదాసు చేతిలో పెట్టింది. స్తుతి చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం అవతలే నిలబడింది. ‘ప్రభువా, నా తప్పుకి ఆయన్ని శిక్షించొద్దు. ఈ ఒక్కసారి గెలిపించు. తర్వాత సైకిలే ముట్టనివ్వను,’ అని మొక్కుకుంది.

పొద్దు వాలేసరికి రోడ్డుకు రెండు వైపులా జనం నిండిపోయారు. కోటేష్ సైకిల్ మీద కాలు వేసి సిద్ధంగా ఉన్నాడు.

“మనోడేడమ్మా? పిలుచుకురా,” అన్నాడు యలమందయ్య. ఇప్పుడతని గొంతులో కోపం లేదు.

స్తుతి పరుగున ఇంటికి వెళ్లింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. భయపడుతున్నాడేమో, నాలుగు మంచి మాటలు చెప్పి తీసుకెళ్లాలి అనుకుంటూ, చెయ్యి తగలకుండా భుజంతో తలుపు నెట్టింది.

ప్రేమదాసు వంటింటి మూల గొంతుక్కూర్చుని, గుప్పెడు ఎండుమిరపకాయలు తుంచి కొత్త తువ్వాల్లో పోసి, రెండు చేతులా నలుపుతున్నాడు.