దుప్పటి దొంగకు శాపం

"దొంగ చేతులు పడిపోవాలని రాయి అక్కా," అంది బ్రిగోమల్ల తడి జుట్టు పిండుకుంటూ.

ఆమె స్నానశాల వేడి గదిలోంచి వచ్చేసరికి, గూట్లో పెట్టిన బూడిదరంగు ఉన్ని దుప్పటి లేదు. దొంగల మీద శాపాలు సీసపు రేకుల మీద రాసిపెట్టడం నా పని. రేకును గుడి వేడినీటి ఊటలో వేస్తే మిగతాది ఆ ఊట దేవత సులిస్ తల్లి చూసుకుంటుంది.

నేను గంటం తీసి రాయడం మొదలుపెట్టాను.

"చేతులెందుకులే అమ్మా, పాపం," అంది కూతురు అలౌన. తెల్లారితే ఆ పిల్ల సిపాయి మొగుడి వెంట ఉత్తరాన సరిహద్దు గోడ దగ్గరికి వెళ్ళిపోతోంది.

"అయితే కడుపునొప్పి."

"అమ్మో, వద్దు."

"పోనీ, దురద?"

"రెండు రోజులు చాలు."

"ఎవరి తరఫున బేరమాడుతున్నావే?" అన్నాను నవ్వుతూ.

అలౌన తన మూటను కాళ్ళ వెనక్కి నెట్టుకుంది. ముడి సందులోంచి బూడిదరంగు ఉన్ని అంచు తొంగిచూసింది. బ్రిగోమల్ల దాన్ని చూసి, చాలాసేపు జుట్టు పిండుతూనే ఉంది.

"అవన్నీ కొట్టెయ్యి అక్కా. ఇలా రాయి. తీసినవాళ్ళు దాని చిరుగు కుట్టుకుని, చలికాలమంతా కప్పుకోవాలి. మంచు కరగ్గానే స్వయంగా తెచ్చి నా చేతికివ్వాలి."

"తేకపోతే?" అంది అలౌన నేల చూస్తూ.

"నేనే ఆ గోడదాకా నడిచొచ్చి అల్లుడింట్లో తిష్ఠవేస్తాను. అదీ రాయి."

అలౌన ఫక్కున నవ్వి కళ్ళు తుడుచుకుంది.

రేకు నిండిపోయింది. తిప్పి రెండోవైపు రాశాను.